పుస్తకంలో పడ్డ నా బొటనవేలు

కొత్తగా సర్కారు కచేరీల్లో చేరి, చెవిలో కలం దోపుకుని తిరుగుతున్న తమ్ముళ్ళారా, ముందే ఒక మాట చెబుతాను. నేను గోరంతను కొండంత చేసి చెప్పే మనిషిని. మా పెరట్లో పిల్లి ఈనితే వీధిలో పులి ఈనిందని చెప్పి వచ్చినవాణ్ణి. నలభై గారెలు తిన్నానని నేనంటే మా ఆవిడ నాలుగని అర్థం చేసుకుంటుంది. మీరూ అలాగే కొట్టివేతలు వేసుకుంటూ చదవండి. ఒక్కచోట మాత్రం కొట్టివేత వద్దు. ఆ చోటు వచ్చినప్పుడు నేనే చెబుతాను.

పెద్ద రేవు పట్నాల్లో నోటరీ అని ఒక ఉద్యోగి ఉంటాడట. కాగితం మీద సంతకం పెట్టినవాడు ఫలానావాడే, తన ఎదుటే పెట్టాడు అని సాక్ష్యమిచ్చి ముద్ర వేయడం ఆయన పని. మా ప్రాంతంలో అంత గొప్ప పేరుగల మనిషి లేడు. దస్తావేజుల కచేరీలో గుమాస్తాగా నేనుండేవాణ్ణి. పేరు చిన్నదే గాని పని అదే. ఆ కచేరీ ఏ ఊళ్ళో ఉండేదో చెప్పను. టెక్కలికీ పలాసకీ నడుమ ఎక్కడో అనుకోండి. తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళు తెలుసుకుని చేసేదేమీ లేదు.

ఆ కచేరీ ఎంత పాతదంటే, వానాకాలం కప్పులోంచి పడే ధార చూసి వంశధార కూడా సిగ్గుపడేది. దాని వసారా గోడ మాత్రం లోకంలో మరెక్కడా ఉండదు. వేలిముద్ర వేసిన ప్రతివాడూ బయటికి రాగానే వేలికున్న సిరాను ఆ గోడకు తుడిచేవాడు. బంట్రోతు ఒకసారి మేకుకు గుడ్డముక్క కట్టాడు. రెండోనాటికి గుడ్డతోపాటు మేకు కూడా పోయింది. ఇక చేసేదిలేక గోడను జనానికే వదిలేశాం. ఉద్దానం కొబ్బరితోటల రైతులు, తీరం జాలరులు, నిమ్మాడ వైపు వరిపొలాలవాళ్ళు, అమ్మినవాళ్ళు, తాకట్టు పెట్టినవాళ్ళు, పంచుకుని విడిపోయిన అన్నదమ్ములు, అందరూ ఆ గోడమీద నల్లగా ఉండేవారు. ఏడాదికొకసారి, పై అధికారి తనిఖీకి వచ్చే ముందు, సున్నం కొట్టి అందరినీ మాయం చేసేవాళ్ళం.

లోపల పుస్తకంలో ఉండే ముద్రలు వేరు. వాటికి నియమాలున్నాయి. దస్తావేజు రాసిచ్చినవాడు స్వయంగా రావాలి. అధికారి అతణ్ణి అడిగి, రాసిచ్చింది నిజమేనని అతని నోటితో ఒప్పించాలి. ఆ తరవాత గుమాస్తా అతని ఎడమ బొటనవేలు పట్టుకుని, సిరా అద్ది, పుస్తకంలో వేయించి, ‘నా ఎదుట వేసినది’ అని రాసి సంతకం చేయాలి. ముద్ర అలుక్కుపోతే మరోసారి, అప్పటికీ కుదరకపోతే మరో వేలు. ఎందుకు మార్చావో పక్క గడిలో రాసి అధికారికి చూపించాలి. ఇంతే. ఇందులో కష్టం ఎక్కడుందయ్యా అంటారా? ఆ పక్క గడిలో ఉంది.

మా అధికారి దగ్గర ఒక భూతద్దం ఉండేది. దాంట్లోంచి చూస్తే చీమ గోత్రం కూడా కనిపిస్తుందని మేం అనుకునేవాళ్ళం. పొద్దున్నే ఆ అద్దం పట్టుకుని ముందురోజు ముద్రలన్నీ చూసేవాడు. ఒక్కటి మసకగా ఉందా, కచేరీ కప్పు లేచిపోయేది. “ఇది వేలా, కాలిన వంకాయా?” అని అరిచేవాడు. పక్క గడిలో రాత కనిపిస్తే మరీ చిరాకు. రాత ఉంటే పైనుంచి ప్రశ్న వస్తుంది, ప్రశ్న వస్తే జవాబు రాయాలి, జవాబు రాస్తే మధ్యాహ్నం నిద్ర పోతుంది. ఒక వేసవిలో, మసకముద్ర వేసి వెళ్ళిపోయిన రైతును వెనక్కి తీసుకురమ్మని నన్ను ఎనిమిది మైళ్ళు నడిపించాడు. ఎనిమిది అన్నాను కదా, కొట్టివేసుకోండి, నాలుగు. ఎండ మాత్రం పూర్తిదే.

నా వేలి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ముద్ర ఎలా వేయించాలో చూపించమని అధికారి మొదటిరోజే నన్నడిగాడు. చిత్తుకాగితం మీద నా వేలే వేసి చూపించాను. శంఖంలో చుట్టల్లాగా గీతకు గీత విడివిడిగా పడింది. ఆయన అద్దం కిందపెట్టి, “వేలంటే అదీ!” అన్నాడు. బంట్రోతు కూడా తొంగిచూసి, “బాబూ, ఏలు కాదది. పండగపూట మా ఆడోలు ముగ్గేసినట్టున్నాది” అన్నాడు. ఉద్యోగ జీవితంలో నాకు దక్కిన బిరుదు అదొక్కటే. ఆ తరవాత చాన్నాళ్ళు, తీరిక దొరికితే చాలు, నా వేలు నేనే చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

ఒకనాటి మధ్యాహ్నం ఉద్దానం తీరంనుంచి ముసలి దంపతులు వచ్చారు. జాలరులు. ఊరినుంచి ఇసకలో నడిచి, కొబ్బరికాయల బండి మీద కొంతదూరం, మళ్ళీ నడిచి వచ్చారు. ఆయనకు సంతానం లేదు. ఊరవతల నలభై కొబ్బరిచెట్ల తోట ఉంది. తన తరవాత అది భార్యకే దక్కాలని, ఇప్పుడే ఆవిడ పేర దానపత్రం రాయించుకుని తెచ్చాడు. అధికారి అడగవలసినవి అడిగాడు. ముసలాయన నిటారుగా నిలబడి చెప్పాడు:

“ఈ నలభై సెట్లూ దీనికే బాబూ. నా అన్న కొడుకున్నాడు, మంచోడే. గాని నాను పోయినాక ఆడు మంచోడో కాదో నాను సూడను కదా.”

అధికారి నవ్వి, సంతకం చేసి, నిద్రకని లేచి వెళ్ళాడు. ముసలాయన నా బల్ల దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

“ఎడం సెయ్యి ఇయ్యమంతన్నారు మావా. అది కుడిది,” అంది ఆవిడ.

“నాకు తెల్దేటే? పుట్టిన కాడ్నుంచీ మోత్తన్నాను ఈ సేతుల్ని.”

“మొయ్యడమే గాని ఏదేదో తెలుత్తే కదా!”

ఎడమ చెయ్యి పట్టుకున్నాను. తమ్ముళ్ళారా, అది చెయ్యి కాదు, తెడ్డు. చిత్తుకాగితం మీద ముందుగా వేయించి చూడడం నా అలవాటు. వేయించాను. నల్లటి ముద్ద, దానికి అడ్డంగా తెల్లటి కోత మచ్చ ఒకటి. గీత అన్నది లేదు. తుడిచి మళ్ళీ వేయించాను. మళ్ళీ ముద్ద. మూడోసారీ అంతే.

“గీతల్నేవా బాబూ?” అన్నాడు ముసలాయన, తప్పు తనదైనట్టు. “వల తాడు తినీసినాది.”

“ఆ గీతలు సముద్రంల ఉంటాయి బాబూ,” అంది ఆవిడ. “పడవెక్కి ఎల్లి ఏరుకోండి.”

నేనూ నవ్వాను. నవ్వుతూనే గడియారం చూశాను. ఆ రోజు పలాసలో మా బావమరిది ఇంట గృహప్రవేశం. పనసపొట్టు కూర చేస్తున్నారు. మా అత్తవారింటి పనసపొట్టు కూర వాసనకు సముద్రంలో పడవలు దారి తప్పేవి. రైలు వేళ దగ్గరపడింది. ఆ మాటే పైకి అన్నాను: “తాతా, పలాసలో పనసపొట్టు కూర చల్లారిపోతోంది. నీ వేలు నన్ను రైలెక్కనిచ్చేటట్టు లేదు.”

“అయ్యో, రైలెల్లిపోద్దేటి! తొరగా కానీ మావా,” అని ఆవిడ మొగుణ్ణి తొందరపెట్టింది. నా కూర గురించి ఆ తల్లి ఆదుర్దా!

కుడిచేతి వేలు తీసుకోవాలని నాకు తెలుసు. పక్క గడిలో నాలుగు ముక్కలు రాయాలనీ తెలుసు. అలా రాస్తే అధికారిని నిద్రలేపాలి. లేపితే వంకాయ, ప్రశ్న, జవాబు. రైలు అంతసేపు ఆగదు.

“అయిపోయింది తాతా, వెళ్ళిరండి,” అన్నాను.

ఆయనకేం తెలుసు? కాగితం మీద మూడుసార్లు వేశాడు, అందులో ఏది పుస్తకమో ఏది చిత్తో తెలియదు. దణ్ణం పెట్టి బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి చూశాను. వసారాలో మూడో స్తంభం పక్కన గోడకు బొటనవేలు గట్టిగా నొక్కి తుడిచాడు. “గోడకేటి రాత్తావు ముసిలోడా, నీ తోటేటి ఇది?” అని ఆవిడ కసిరింది. గోడమీద నల్లటి ముద్ద, దానికడ్డంగా తెల్లటి మచ్చ.

నేను చిత్తుకాగితం నలిపి పారేశాను. నా ఎడమ బొటనవేలికి సిరా అద్దుకున్నాను. పుస్తకంలో ఆయన పేరుకెదురుగా వేశాను. కింద ‘నా ఎదుట వేసినది’ అని రాసి సంతకం చేశాను. అదే మొదటిసారా అని అడగకండి. అడిగితే నేను మళ్ళీ పిల్లిని పులిని చేయడం మొదలుపెడతాను.

రైలు దొరికింది. కూర రెండుసార్లు వడ్డించుకున్నాను. మర్నాడు అధికారి అద్దం పెట్టి చూసి, “జాలరివాడి వేలు కూడా ఇంత బాగా తీయవచ్చని నీవల్ల తెలిసిందయ్యా,” అన్నాడు. నేను సిగ్గుపడ్డట్టు తల వంచుకున్నాను. నిజమైన సిగ్గు రావడానికి ఇంకా రెండేళ్ళు పట్టింది.

రెండేళ్ళకు ముసలాయన పోయాడు. అన్న కొడుకు వచ్చి, చిన్నాయన అలాంటి కాగితం ఎప్పుడూ రాయలేదు, తోట మా వంశానిది అన్నాడు. మునసబు కోర్టులో దావా పడింది. దానపత్రం మీద సాక్షులు ఇద్దరిలో ఒకడు ఓడెక్కి రంగూను వెళ్ళిపోయాడు, రెండోవాడు ఆ అన్న కొడుకు పడవమీదే వేటకు పోతున్నాడు. మా అధికారి ఎక్కడికో బదిలీ అయ్యాడు. ఆయన్ని అడిగితే, మనుషులు జ్ఞాపకం లేరు, వేలిముద్ర చూసుకోండి, దాన్ని మించిన సాక్ష్యం లేదు అని రాసి పంపాడట. వేలిముద్ర చూశారు.

చూడడానికి మరో ముద్ర ఉండనే ఉంది. చాలా ఏళ్ళ కిందట ఆ ముసలాయన తోటను కొన్నాళ్ళు తాకట్టుపెట్టాడు. అప్పుడు నాకు ముందున్న గుమాస్తా ముద్ర తీశాడు. అతన్ని నేను చూడలేదు, అతని రాత మాత్రం చూశాను. నల్లటి ముద్ద, అడ్డంగా మచ్చ. దాని పక్కన కుడి చూపుడువేలు. పక్క గడిలో పొందికైన అక్షరాలు: ‘ఎడమ బొటనవేలి గీతలు తాడు లాగి అరిగినవి. కోత మచ్చ కలదు. కుడి చూపుడువేలు కూడా తీయడమైనది.’ ఆ నాలుగు ముక్కలు రాయడానికి అతనికి ఎంతసేపు పట్టి ఉంటుంది? తాంబూలం వేసుకున్నంతసేపు.

చెన్నపట్నంనుంచి వేలిముద్రల నిపుణుడు వచ్చాడు. అతని భూతద్దం అప్పడమంత ఉంది. రెండు ముద్రలూ చూసి, పాత ముద్ర వేసినవాడూ, దానపత్రంనాటి ముద్ర వేసినవాడూ ఒకరు కారని తేల్చేశాడు. తేల్చడానికేముంది, గుడ్డివాడు తడిమినా తేలుతుంది.

ఆ మాట తీరానికి చేరింది. ఇక ఊళ్ళో తోట సంగతి వెనక్కి పోయింది. ముసలిది ఎవరినో మొగుడని చెప్పి కచేరీకి తీసుకెళ్ళి వేలు వేయించిందన్నారు. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు, “ఎవుడ్ని తోడ్కెల్లినావే అప్పా? ఏ ఊరోడు? ఏలు సక్కంగున్నాదంట!” అని ఎగతాళి చేశారట. అన్న కొడుకు చెడ్డవాడు కాదు. దావా వేసినప్పుడు అతనిలో ఆశ ఉండవచ్చు గాని, పుస్తకం చూశాక నిజంగానే నమ్మాడు. చిన్నమ్మ ఇంత పనిచేసిందా అని ఏడ్చాడని బంట్రోతు చెప్పాడు. ఆ మాట విన్నరోజు నాకు అన్నం సయించలేదు. నాకు అన్నం సయించలేదంటే, తమ్ముళ్ళారా, అది తాలూకా చరిత్రలో రాసుకోవలసిన రోజు.

సాక్ష్యానికి నన్ను పిలిచారు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, జైలు కూడా పట్టవచ్చు. చెప్పకపోతే ఆవిడకు తోట పోతుంది, పరువు పోతుంది. రాత్రంతా త్రాసు పట్టుకుని తూచానని చెబితే గొప్పగా ఉంటుంది గాని, తూచలేదు. ఆ నిపుణుడు నా వేలు అడిగితే ఏం చేయాలన్నదొక్కటే ఆలోచించాను. పొద్దున్నే లేచి ఎడమ బొటనవేలికి గుడ్డ చుట్టాను. గోరుచుట్టు లేచిందని ఇంట్లో చెప్పాను. మా ఆవిడ ఆ కట్టు చూసి, “నిన్న లేదే?” అంది. ఆవిడకు కొట్టివేతలు అలవాటు.

కోర్టు వసారాలో ఆవిడ కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. ముఖం విచ్చుకుంది.

“వొచ్చినావా బాబూ! నువ్వొత్తే సాలు అనుకున్నాను. మా ముసిలోడి ఏలు అట్టుకున్నది నువ్వే కదా.” అంతలో నా కట్టు చూసింది. “ఏటి బాబూ అది?”

“గోరుచుట్టు అప్పా,” అన్నాను, మా వైపు అక్కను పిలిచినట్టు.

“అయ్యో! నిమ్మకాయ తొడగాల బాబూ. ఒట్టి గుడ్డ సుడితే ఎలగ?”

బోనెక్కాను. వకీలు పుస్తకం చూపించి అడిగాడు:

“ఈ ముద్ర మీ ఎదుటే పడిందా?”

“నా ఎదుటే పడిందండీ.” అక్షరాలా నిజం. నా వేలు నా ఎదుట కాక మరెక్కడ పడుతుంది?

“వేసినది ఈవిడ భర్తేనా?”

కట్టు కట్టిన వేలును పిడికిట్లో దాచుకున్నాను.

“రోజూ ఎంతోమంది వస్తారండీ. జ్ఞాపకం లేదు.”

వెనకనుంచి ఆవిడ గొంతు లేచింది.

“అదేటి బాబూ అలగంతావు! నువ్వే కదా మూడుపాలులు ఏయించినావు! పలాసల పనసపొట్టు కూర సల్లారిపోతాదనీసి, రైలెల్లిపోతాదనీసి నువ్వే కదా సెప్పినావు! గేపకం సేసుకో బాబూ!”

కోర్టంతా గొల్లున నవ్వింది. వకీళ్ళు నవ్వారు, బంట్రోతులు నవ్వారు, మునసబుగారు కూడా పెదవి బిగబట్టి ఆవిణ్ణి నోరు మూసుకోమన్నారు. నా జీవితంలో నేను చెప్పిన హాస్యాలకు ఎవరూ అంతగా నవ్వలేదు. ఆ నవ్వు మాటున నేను బోను దిగిపోయాను. నా వేలు ఎవరూ అడగలేదు.

దావాలో ఆవిడ ఓడిపోయింది. తీర్పు చదివేటప్పుడు నేను అక్కడ లేను. రైలు స్టేషన్లో బల్లమీద కూర్చున్నాను. ఆవిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. తిడుతుందనుకుని లేవబోయాను. కొంగు ముడి విప్పి నిమ్మకాయ ఒకటి తీసింది. తలకాయ కోసి, మధ్యలో వేలు పట్టేంత గుల్ల చేసి ఉంది.

“తొడుక్కో బాబూ. సలవ సేత్తాది,” అంది. “నీకు మాత్రం ఎలగ గేపకముంటాది? మా ముసిలోడిదే తప్పు. సరీగ ఎయ్యనేదు.”

నేను ఆ నిమ్మకాయ తొడుక్కున్నాను. గుడ్డ తీయకుండానే, పైనుంచే తొడుక్కున్నాను. తీస్తే కింద వేలు చెక్కుచెదరకుండా ఉంటుంది మరి. రైలు కదిలేదాకా ఆవిడ అక్కడే నిలబడింది. బొటనవేలికి నిమ్మకాయతో, పెట్టెలో జనమంతా చూస్తుండగా, నేను ఇంటికి వచ్చాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది నిమ్మకాయంత మెత్తగా కూడా ఉండగలదని ఆ రోజు తెలిసింది.

కొన్ని నెలలకు ఆవిడ మళ్ళీ కచేరీకి వచ్చింది, అన్న కొడుకు తోడుగా. తోటమీద తనకు హక్కు లేదనీ, పైకోర్టుకు పోననీ ఆవిడ రాసివ్వాలి. అందుకు బదులు అతను ఆవిడ బతికినంతకాలం తిండిపెట్టి, ఇంట్లో ఒక మూల ఇస్తాడు. కొత్త అధికారి అడగవలసినవి అడిగాడు. ఆవిడ తల ఊపి, నా బల్ల దగ్గరికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే ఎడమ చెయ్యి చాపింది. అన్న కొడుకు వసారాలో బీడీ కాలుస్తున్నాడు.

ఆ చేతిని పట్టుకున్నాను. పీచు వడికి వడికి, వలలు అల్లి అల్లి, ఆ వేలు కూడా నున్నగా అయిపోయింది.

“ఈపాలైనా బాగ పడీటట్టు సూడు బాబూ,” అంది. “మా ముసిలోడు సరీగ ఎయ్యకే కదా ఇంత పనైనాది. రోజూ ఇసకల ఆడ్ని పాతిన కాడికెల్లి తిడతన్నాను. ఒక్క ఏలు ఎయ్యనేకపోనావు, ఏటి మనిసివిరా అని తిడతన్నాను.”

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. గొంతు తగ్గించి చెప్పాను.

“అప్పా, ఆ పుస్తకంలో ఉన్నది మీ ముసలాయన వేలు కాదు. నాది. ఆయన వేలు పడలేదని, రైలు పోతుందని, నా వేలు నేనే వేశాను.”

ఇదిగో, కొట్టివేత వద్దన్న చోటు ఇదే. ఆవిడకు నిజం చెప్పడానికి నాకు ధైర్యం ఎలా వచ్చిందో తెలుసా? అప్పటికి తీర్పు వచ్చి నెలలు గడిచాయి. ఆవిడ వెళ్ళి ఈ మాట ఎవరికి చెప్పినా, దొంగముద్ర వేయించిన ముసలిది గుమాస్తా మీద నింద వేస్తోందనే అంటారు. ఎవరూ నమ్మరని తెలిశాకనే నోరు విప్పాను. తీర్పుకు ముందు వారం చెప్పి ఉంటే అది నిజం అయ్యేది. ఆ రోజు చెప్పింది నా కడుపుబ్బరం తీర్చుకోవడం.

ఆవిడ నా ఎడమ చెయ్యి తనే పట్టుకుని బొటనవేలు తిప్పి చూసింది, చేప తాజాదో కాదో చూసినట్టు. గోరుచుట్టు గుర్తు ఎక్కడా లేదు. నిమ్మకాయ సంగతి ఆవిడకూ గుర్తొచ్చి ఉంటుంది.

“అయితే మా ముసిలోడి తప్పు నేదా?” అంది చివరికి.

“లేదప్పా.”

“ఆడు సరీగే ఏసినాడా?”

“ఆయన ఎలా వేయాలో అలాగే వేశాడు. నేనే పుస్తకంలోకి రానివ్వలేదు.”

“ఓలమ్మా,” అంది. కళ్ళనీళ్ళు జారాయి. “ఎన్ని తిట్లు తిట్టీసినాను ఆడ్ని.”

నాకు పడే తిట్లకోసం ఎదురుచూశాను. తోటకోసం ఒక్క మాట అంటుందని చూశాను. ఆఖరికి నేనే అన్నాను, ఇంకా వేలు వేయలేదు కదా, ఈ కాగితం వద్దని వెళ్ళిపో అప్పా, అని.

“ఎల్లి ఏటి తింతాను బాబూ? నువ్వు పెడతావేటి?” అంది. కోపంగా కాదు, బజారులో బేరం అడిగినట్టు అడిగింది.

ఆవిడ వేలు పుస్తకంలోనే వేయించాను. మసి ముద్ద పడింది. కుడి చూపుడువేలు కూడా తీశాను. పక్క గడిలో, నాకు ముందున్న ఆ గుమాస్తా రాత చూసి దించినట్టు, రాశాను: ‘పీచు వడికి, వల అల్లి ఎడమ బొటనవేలి గీతలు అరిగినవి.’ కొత్త అధికారి చూసి ఒక్క మాట కూడా అనకుండా సంతకం చేశాడు. ఇంత సులువు అది.

“పడ్డాదా బాబూ?”

“పడింది అప్పా.”

ఆవిడ సిరా వేలు దూరంగా పట్టుకుని వసారాలోకి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. గోడ ముందు ఆగి అడిగింది:

“మా ముసిలోడు ఎక్కడ తుడిసినాడు? నాను కసిరినాను కూడాను.”

ఆయన పోయేలోగా గోడకు రెండుసార్లు సున్నం పడింది. పడకముందు ఆ ముద్ద, ఆ మచ్చ అక్కడే ఉండేవి. కోర్టువాళ్ళు పుస్తకం చూసేనాటికి గోడ తెల్లగా ఉంది. నేను మూడో స్తంభం పక్కన తెల్లగా ఉన్న చోటు చూపించాను. ఆవిడ అక్కడ తన బొటనవేలు ఆనించి, గట్టిగా నొక్కి, తుడిచింది. బయట బండి దగ్గర అన్న కొడుకు “రా పిన్నీ, పొద్దు పోతన్నాది,” అని కేకవేశాడు. వెళ్ళిపోయింది.

నేను ఉద్యోగం వదల్లేదు. ఇంకా తొమ్మిదేళ్ళు చేసి, కళ్ళు మసకబారాక మానుకున్నాను. నన్ను సాగనంపుతూ వక్తలు నా ముద్రల శుభ్రత గురించి మాట్లాడారు. ఆవిడ తుడిచిన మసి ఆ ఏడాది సున్నంలోనే పోయింది. పుస్తకంలో నాది మాత్రం ఇప్పటికీ ఉంది తమ్ముళ్ళారా, వెళ్ళి చూసుకోవచ్చు. ముగ్గేసినట్టుంటుంది. ఒక్క గీత కూడా చెరగలేదు.